చావింట్లో రంగు షామియానా

కొత్తకోటలో టెంట్ హౌస్ నడిపే రఘుపతి ఎమ్మెల్యే ఎట్లా అయ్యాడని బయటివాళ్లు అడిగితే నాకు నవ్వొస్తుంది. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన షామియానా పడని ఇల్లు లేదు మరి. పెళ్లికైతే గట్టిగానే బేరమాడేవాడు. చావుకు మాత్రం కిరాయి మాటెత్తేవాడు కాదు. కబురు అందగానే తెల్ల షామియానా తీసుకుని తానే పోయి గుంజలు పాతేవాడు. జనం ఆయన్ను గుర్తుపెట్టుకున్నది అందుకే. ఆయన ఉపన్యాసాలకైతే ఒక్క ఓటూ పడేది కాదు.

ఆ వ్యాపారం పెట్టించింది పక్క ఊరి గుర్వయ్య. తండ్రి లేని రఘుపతిని చేరదీసి, తన కొడుకు అమరేందర్‌తో సమానంగా చూశాడు. తాను పోయిన రోజు పాడెకు ఒక పక్క అమరేందర్, ఇంకో పక్క రఘుపతి భుజం పట్టాలని అందరితో అనేవాడు. 2018 ఎన్నికల్లో రఘుపతి పోటీకి దిగాడు. అమరేందర్ ఎదుటి పార్టీలో ఉన్నా, ఆ ఇంట్లో రఘుపతికి అన్నం పెట్టడం మానలేదు.

ప్రచారం ముగిసిన మర్నాడు పొద్దున గుర్వయ్య కన్నుమూశాడు. రఘుపతి, ప్రచారంలో ఆయన వెంట తిరిగే మేమూ, అప్పుడు దూరపు ఊళ్లో ఉన్నాం. షామియానా పంపమని ఫోన్లో చెప్పాడు గాని, ఏది పంపాలో చెప్పలేదు. చావుకైతే ఎప్పుడూ తానే పోయేవాడు కనుక ఆ మాట చెప్పే అవసరం ఎన్నడూ రాలేదు. పనివాళ్లు ముందురోజు సభ నుంచి తెచ్చి లారీలోనే ఉంచినదాన్ని తీసుకుపోయి శవం మీద నీడ చేశారు. దానిది పార్టీ రంగు. అంచు పొడుగునా చేతులు జోడించి నవ్వుతున్న రఘుపతి బొమ్మలు.

అప్పటికే ఆ వాకిలి నిండా జనం, జనం చేతుల్లో ఫోన్లు. డప్పులు ఆగిపోయాయి. మేం చేరగానే ఊరి బయటే మావాళ్లు ఎదురొచ్చి కారు ఆపి, సంగతి చెప్పి, దిగొద్దన్నారు. ఎదుటి పార్టీవాళ్లే కావాలని కట్టారని చెబుదామన్నారు. ప్రచారం ముగిశాక బొమ్మలు కట్టారని కేసయితే రేపు పోలింగ్ గతేమిటన్నారు. రఘుపతి దిగి నడిచాడు. ఇక అంతా అయిపోయిందనుకున్నాను.

అమరేందర్ అరిచినా బాగుండేది. మెల్లగా అడిగాడు.

"గీ టెంటు ఎవలు పంపిండ్రు?"

మావాళ్లు అల్లి ఇచ్చిన అబద్ధం రఘుపతి దగ్గర సిద్ధంగానే ఉంది. ఆయన ఫోన్ల వైపు చూశాడు, శవం వైపు చూశాడు.

"నేనే పంపిన. జూసుకోలే. తప్పు నాదే."

తాళ్లు తానే విప్పాడు. ఎవరూ సాయం రాలేదు. తెల్లది వచ్చేదాకా గుర్వయ్య ముఖానికి ఎండ తగలకుండా తువ్వాలు పరిచి పట్టుకుని నిలబడ్డాడు. పాడె లేపే వేళ ముందుకొచ్చి భుజం వంచాడు. అమరేందర్ చెయ్యి అడ్డుపెట్టాడు.

"నిజం చెప్పినవ్. ఓటు నీకే ఏస్త, అన్నా. మా బాపును మాత్రం ముట్టకు."

రఘుపతి అందరికన్నా వెనక, చెప్పుల్లేకుండా నడిచాడు. ఆ రోజు నాకు అమరేందర్ మీద ఒళ్లు మండింది. ఆ స్థానంలో నేనుంటే ఏం చేసేవాణ్నో ఇప్పటికీ తెలియదు.

రఘుపతి గెలిచాడు. ఎదుటి పార్టీకి పెట్టని కోట లాంటి గుర్వయ్య ఊళ్లో కూడా ఆయనకే ఆధిక్యం వచ్చిందని కౌంటింగ్ రోజు తెలియగానే, దండలతో చుట్టుముట్టాం. ఆయన కుర్చీలో కూలబడి ఏడ్చాడు. సంతోషం పట్టలేక ఏడుస్తున్నాడని మావాళ్లు ఇంకో పెట్టె టపాసులు కాల్చారు.