బొట్లు పెట్టిన తొక్కు డ్రమ్ము

మా ఇంటాయన బొగ్గుబాయిల ఫిట్టరు. ఇనుము గురించి మాట్లాడితె సొంత మ్యానమామ కొడుకు గురించి మాట్లాడినట్టే ఉంటది. గోదావరిఖనిల మా క్వార్టర్ల కుక్కర్ పిడి ఊడినా, గేటు కిర్రుమన్నా అందరికి ఆయనే కావాలె. అందుకే నా మామిడికాయ తొక్కు కలిపెటందుకు స్టీలు డ్రమ్ము కొందామనంగనె, నాకు నోరు తెరిచే మోక ఇయ్యలేదు.

అప్పటిదాక నేను జాడీలల్ల చేతితోని కలిపి కాలనీల అమ్మేదాన్ని. మంచిర్యాలల హాస్టళ్లకు వంట చేసి పంపే మేడం ఒకామె నా తొక్కు తిని మస్తు ఖుషీ అయింది. ఆమెది కోస్తా దిక్కు. మాట మెత్తగనే ఉంటది, చూపే గట్టిది. "ఏడాది పొడుగునా మీ దగ్గరే తీసుకుంటానండీ, కానీ కలిపే సామాను ఒకసారి చూస్తాను" అన్నది. గంత తొక్కుకు జాడీలు సాలవు, అందుకే డ్రమ్ము. ఆ ఆర్డరు వస్తె ఇంటెనక రేకుల షెడ్డు ఏసుకొని, పక్కింటి అక్కను పనిల పెట్టుకొని, నాదంటూ ఒక కార్ఖానా చేసుకోవాలని నా ఆశ. పోతె మళ్ల కాలనీల అమ్ముకునుడే.

స్టీలు దుకాణానికి మా ఆయన జేబుల అయస్కాంతం ఏసుకొని వచ్చిండు. డ్రమ్ములకే కాదు, మూతలకు, గంటెలకు, ఆఖరికి సేటు కూసున్న కుర్చీకి సుత పెట్టి చూసిండు. కుర్చీకి అంటుకుంటె సేటును జాలిగ చూసిండు.

"అయస్కాంతం అంటకుంటె అసలు స్టీలు, అంటితె నకిలీ. గంతే" అని నాకు పాఠం చెప్పిండు.

"ఏ రకమో బిల్లు మీద రాయించుదాం" అన్న నేను.

"నా చేతిల ఇది ఉండంగ కాయితం ఎందుకే" అన్నడు. సేటు ముసిముసిగ నవ్వుకుంట ఒక అగ్గువ ధర డ్రమ్మును ముంగటికి జరిపిండు. అయస్కాంతం జారి కింద వడ్డది. మా ఆయన మొఖం ఎలిగిపోయింది.

ఉప్పు, మామిడి పులుపు తాకినంక కొన్నొద్దులకే డ్రమ్ముల తుప్పు లెక్క ఎర్ర చుక్కలు లేసినయి. "జంగు వట్టింది" అన్న. "స్టీలుకు జంగెక్కడిది, అది నీ కారం మరక" అన్నడు. కారం మరకైతె తోమితె పోవాలె గద, పోలె. ఆయనకు పౌరుషమొచ్చి, పైపులు గీకే ఇనుప తీగల బ్రష్షు తెచ్చి బనీను తడిసేదాక రుద్దిండు. తళతళ మెరిసింది. "చూసినవా" అని మీసం తిప్పిండు. వారం తిరుగకముందే చుక్కలన్ని కలిసి మచ్చలైనయి. అండ్ల కలిపిన తొక్కంత పారబోస్తుంటె నా పానం ఉసూరుమన్నది.

కరీంనగర్ల పాల డెయిరీల పనిచేసే మా చెల్లెకు ఫోన్ చేసిన. అది ముందుగాల కడుపు వట్టుకొని నవ్వింది. "నికెల్ తక్కువేసిన అగ్గువ స్టీలుకు సుత అయస్కాంతం అంటుకోదక్కా. ఉప్పు, పులుపు కలిసే పనికి త్రీ సిక్స్‌టీన్ రకం అడుగాలె. లోపల అతుకులు నున్నగుండాలె. ఇనుప బ్రష్షుతోని రుద్దితె ఆ ఇనుప పొడి స్టీలుకు పట్టుకొని ఇంక జల్ది జంగొస్తది. మెత్తటి పీచుతోని కడిగి, తుడిచి ఆరవెట్టాలె" అన్నది. ఆయన కూడ వినాలని స్పీకర్ పెట్టిన. ఆయన టీవీ సౌండు పెంచిండు.

మేడం వచ్చే పొద్దు రానే వచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పుదామని జాడీలు తుడిచి వరుసగ పెట్టిన. బయటికొచ్చి చూద్దును గద, డ్రమ్ముకు పూలదండ, చుట్టూర పసుపు, లోపల ఎన్ని మచ్చలున్నయో అన్ని కుంకుమ బొట్లు. దసరాకు బాయిల మిషిన్లకు పెట్టినట్టు పెట్టి, అగరొత్తులు ముట్టించి, చేతులు కట్టుకొని నిలవడ్డడు. "పూజ చేసిన సామాన్ను ఎవ్వలు ముట్టరు. నువ్వు సప్పుడు చెయ్యకు" అన్నడు. కోపం రావాల్సింది పోయి నవ్వాగక కొంగు నోట్ల కుక్కుకున్న.

మేడం వచ్చి డ్రమ్ముకు దండం పెట్టుకున్నది. మా ఆయన నా దిక్కు చూసి కన్ను కొట్టిండు. దండమైనంక ఆమె పక్కనున్న చెంబందుకొని, లోపల నీళ్లు పోసి చేతితోని రుద్దింది. పసుపు పోయింది, కుంకుమ కారిపోయింది, ఎర్రమచ్చలు మాత్రం ఆడనే ఉన్నయి.

"ఇదేంటండీ, ఈ బొట్లు పోవట్లేదు?" అని మా ఆయనను అడిగింది. ఆయన డ్రమ్ము మీది దండను సర్దవట్టిండు.

గప్పుడు నా నవ్వు పోయి ఒళ్లు మండింది. "బాయిల మనుషులను దింపే ఇనుప తాడు తీగలు తెగితె, బొట్టు వెట్టి దింపుతవా?" అని మేడం ముంగటనే అడిగిన.

ఆయన వంగి డ్రమ్ముల ఒక మచ్చను గోటితోని గీకి చూసిండు. "దింపనే" అన్నడు. ఇగ మేడం దిక్కు తిరిగి, "అది జంగు మేడం. పిల్లలు తినేటిది, దీంట్ల కలుపద్దు. ఆమె రకం రాయించుమన్నది, నేనే వద్దని ఈ డ్రమ్ము తెచ్చిన" అన్నడు. కాలనీల ఎవ్వల ముంగట తగ్గని మనిషి ఆయన. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

మేడం జాడీ మూత తీసి వాసన చూసి, గంటె పెట్టి కలిపింది. "సరైన డ్రమ్ము వచ్చేదాకా వీటిల్లో ఎంతైతే అంతే పంపండి. ఈ డ్రమ్ములోది మాత్రం ఒక్క ముక్క కూడా వద్దు" అన్నది. ఆర్డరు నాదైంది.

ఆమె పోయినంక మా ఆయన దండ తీసి, డ్రమ్మును బోర్లించి, గడప మీద కూసున్నడు.

"కొత్తది కొనెటప్పుడు నేను రావొచ్చునా?" అని మెల్లగ అడిగిండు.

"మోసుకొచ్చెటందుకు రా" అన్న. "మాట్లాడేది నేను."