నా చేతులు నావి కానప్పుడు

ఆ రోజు మిషన్ ముందు కూర్చుని జాకెట్టు కుడుతున్నాను. ఉన్నట్టుండి చేతులు నావి కావనిపించింది. అవి బట్టను తోస్తున్నాయి, కుట్టు తిన్నగానే పడుతోంది. నేను మాత్రం ఎక్కడో పక్కన నిలబడి చూస్తున్నాను. భయం కంటే ముందు వింతగా అనిపించింది. నేను లేకుండా నా పని చేస్తున్నదెవరు?

అప్పటికి కల్లు మాని కొద్ది రోజులే. బచ్చన్నపేట దగ్గర మా పల్లెలో ఆడవాళ్లం సాయంత్రం తాగడం కొత్తేమీ కాదు. నేను తాగినదాంట్లో మత్తుమందు కలిపారని, మానగానే ఫిట్స్ వచ్చి జనగామ దవాఖానలో పడ్డాకే తెలిసింది. మత్తు ఒక్కసారిగా మానితే వచ్చే విత్‌డ్రాయల్ అన్నారు. ఫిట్స్ తగ్గి ఇంటికొచ్చాక ఇది మొదలైంది.

పిలిస్తే పలకను, రెప్ప వేయను. అది చూసి మా అత్త నాకు సిగం వచ్చిందనుకుంది. ఒంటి మీదికి అమ్మవారు వస్తే మా వైపు కాళ్లు మొక్కి, కల్లు నైవేద్యంగా సాక పోసి, తాగించి శాంతింపజేస్తారు. ఓసారి నేను తేరుకునేసరికి నుదుట పసుపు, వాకిట్లో జనం, నోట్లో కల్లు.

"తాగు తల్లీ. మా ఇంట్ల ఏం తప్పు జరిగిందో చెప్పు తల్లీ" అంటోంది అత్త. అంతకుముందెన్నడూ నన్నంత ప్రేమగా పిలవలేదు, మహాతల్లి! ఆ గుక్కతో తాగుడు మళ్లీ మొదలైంది. మళ్లీ మానబోతే ఫిట్స్, మళ్లీ దవాఖాన.

ఈసారి తలకు వైర్లు పెట్టి ఈఈజీ తీశారు. డాక్టరమ్మ నా పక్కనే కూర్చుంది.

"నువ్వు గట్ల చూస్తుండిపోయేది ఫిట్స్ కాదు, డిసోసియేషన్. తట్టుకోలేనప్పుడు మనసు జర పక్కకు జరుగుతది. మత్తు మానినోళ్లల్ల కొందరికి అయితది. పిచ్చి కాదు బిడ్డా."

"అయితే అమ్మవారు కాదా?" అంది అత్త.

"అమ్మవారి సంగతి నాకు తెల్వదు అవ్వా. గానీ ఆ కల్లు తాగేది నీ కోడలు."

తిరుగు బస్సులో అత్త నా మందుల చీటీ తన కొంగున ముడేసుకుంది.

మందులతో పాటు కౌన్సెలింగ్ సాగింది. మనసు జారిపోతున్నట్టుంటే చల్లటి నీళ్లలో చేతులు ముంచమన్నారు. ముందు చల్లదనం తెలుస్తుంది. కాసేపటికి ఆ చల్లదనం నాకేనని తెలుస్తుంది. అది తెలిసిన మొదటిసారి ఏడ్చేశాను.

ఇప్పుడు కల్లు ముట్టను, జాకెట్లు కుడుతున్నాను. మొన్న బోనాల్లో డప్పులు మోగుతుంటే మళ్లీ చేతులు దూరమయ్యాయి. పక్కింటామె కల్లు సీసా తెచ్చింది, "అవ్వా, సాక పొయ్యి" అంటూ. అత్త సీసా లాక్కుని గుడి ముందు నేల మీద ఒంపేసింది.

"అమ్మవారికి గాడ పోసిన. గిది నా కోడలు."

నా చేతులు పక్కనున్న చల్లటి నీళ్ల చెంబులో ముంచి, "సరితా, ఇటు సూడు బిడ్డా" అంది. చూశాను. అంత దూరం పోయిన మనసు ఒక్క పిలుపుకి తిరిగొస్తుంది! నాకిప్పటికీ అబ్బురమే.

మీ ఇంట్లో మత్తు మానిన మనిషి అలా చూస్తుండిపోతే నోట్లో ఏమీ పోయకండి. పేరు పెట్టి పిలుస్తూ దవాఖానకు తీసుకుపోండి. పలకకపోయినా మాకు వినిపిస్తూనే ఉంటుంది.