పదికి పది వేసిన ఎపిసోడు

మిర్యాలగూడలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ నేనూ నా స్నేహితురాలూ రెండేళ్లు ఒకే గదిలో కిరాయికి ఉన్నాం. చుట్టూ రైసుమిల్లులు. ఆరేసిన చీరల మీద పడ్డ ఊక బూడిదను దులుపుకుని కట్టుకునేవాళ్లం. ఇంటివాళ్లకు బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. వారానికి ఒక సాయంత్రం అందులో హాస్య సీరియల్ వచ్చేది. ఒక ముసలి ఇంటి ఓనరు, ఆయన వాటాల్లో నాలుగు కుటుంబాలు, వాళ్ల మధ్య వారానికో తగువు, అంతే కథ. ఏళ్ల తరబడి సాగింది. నా స్నేహితురాలు మాట పూర్తికాకముందే నవ్వేది. నేను మాత్రం ఆలోచించుకుని, నిజంగా బాగుందనిపిస్తేనే నవ్వేదాన్ని. అది నా తెలివి అనుకునేదాన్ని.

తర్వాత ఇద్దరికీ సర్కారు ఉద్యోగాలు వచ్చాయి. నాకు సూర్యాపేటలో, ఆమెకు మేళ్లచెరువు దగ్గర ఒక ఊళ్లో. ఆమె పెళ్లి చేసుకుని కోదాడలో కాపురం పెట్టింది. విడిపోయేముందు ఒక మాట అనుకున్నాం. ప్రతివారం సీరియల్ చూసి, పోస్టుకార్డు మీద ఎర్రసిరాతో పదికి ఇన్ని మార్కులని వేసి, ఎందుకో నాలుగు వాక్యాలు రాసి పంపుకోవాలి. ఇంటి కష్టాలు మాత్రం కార్డు మీద రాయకూడదు, వాటికి వేరే ఉత్తరాలు రాసుకుందాం అనుకున్నాం. ఆ వేరే ఉత్తరాలు ఇద్దరమూ రాయలేదు.

ఇద్దరికీ కార్డులు బడి చిరునామాకే వచ్చేవి. మా పోస్టుమాన్ వాటిని చదవకుండా ఇచ్చేవాడు కాదు.

"ఈవారం ఆమె ఎనిమిది ఏసింది టీచరమ్మా. మీరు మల్ల ఆరే ఏస్తరు, నాకు ఎర్కే," అనేవాడు.

"ఆరు గూడ ఎక్కువనే. అసలు ఓనరు మెట్ల మీద కూసున్న సీను ఎందుకు పెట్టిన్రో," అనేదాన్ని నేను.

"అదే మస్తుండె గదమ్మా," అని అతను సైకిలెక్కేవాడు.

అలా మూడేళ్లు గడిచాయి. ఒకవారం ఎపిసోడులో ఇంటి ఓనరు నిచ్చెన మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటాడు. పిండికట్టుతో మంచం మీద పడుకుంటే వాటాలవాళ్లంతా పోటీపడి తినిపిస్తారు. ఆయన వద్దన్నకొద్దీ నోట్లో కుక్కుతారు. నాకు చిరాకేసింది. రెండు మార్కులు వేశాను. అటునుంచి వచ్చిన కార్డులో పదికి పది ఉంది. అన్నేళ్లలో ఆమె ఎప్పుడూ పదికి పది వేయలేదు. కింద ఒకే వాక్యం, 'ఇంత మంచి ఎపిసోడు మళ్లీ రాదు' అని.

నాకెందుకో ఒళ్లు మండింది. అప్పటికప్పుడు స్టాఫ్ రూములో కూర్చుని రాశాను. 'కాలు విరిగి మంచాన పడ్డ మనిషిని చూసి నవ్వడానికి మనసెట్లా వచ్చింది? నీకు మంచీ చెడూ తేడా ఎప్పుడూ లేదు. పిల్లల పేపర్లు కూడా ఇట్లనే దిద్దుతున్నవా?' చివరి వాక్యం బాగా కుదిరిందని రెండుసార్లు చదువుకుని మరీ పోస్టుడబ్బాలో వేశాను.

ఆ తర్వాత ఆమె దగ్గర్నుంచి కార్డు రాలేదు. పోస్టుమాన్ కొన్నాళ్లు అడిగి మానేశాడు. అలిగింది, తనే రాస్తుందిలే అనుకున్నాను.

మూడు నెలలకు ఆమెతో పనిచేసే టీచరొకామె బస్సులో కలిసింది. నా స్నేహితురాలి భర్త లారీ మీదికి సిమెంటు బస్తాలు ఎక్కిస్తూ జారిపడ్డాడని, తుంటి విరిగి ఐదారు నెలలుగా మంచంలోనే ఉన్నాడని చెప్పింది. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఆ ఎపిసోడు వచ్చేనాటికి ఆయన మంచం పట్టి రెండు నెలలు దాటింది.

ఆ ఆదివారమే కోదాడ వెళ్లాను. ఆయన చేతికర్రతో గదిలోనే నాలుగడుగులు వేస్తున్నాడు. నన్ను చూసి సంబరపడ్డాడు.

"ఆరు మార్కుల టీచరుగారు మీరేనా? కూర్చోండి. మా ఇంట్లో ఎవరికీ నవ్వే పనే లేకపోయింది అప్పట్లో. ఆ ముసలాయనకి ముద్దలు కుక్కుతుంటే, ఈమె నాకు పెట్టేది అచ్చం అట్లాగే ఉందని నవ్వానండి. నేను నవ్వుతుంటే ఈమె ఏడ్చింది."

నా స్నేహితురాలు టీ గ్లాసు నా ముందు పెట్టింది. నా కార్డు సంగతి ఆయనకు తెలియదని అర్థమైంది. ఆయన ముందు అడగలేకపోయాను.

బస్టాండుకు నాతో నడిచి వచ్చింది. సగం దూరం వచ్చాక తనే అంది, "ఆయనకి ఆ కార్డు చూపించలేదు. నువ్వూ చెప్పమాకు."

"నాకు తెల్వదే. ఒక్క మాట రాస్తే అయిపోతుండె గద."

"కార్డు మీద రాయొద్దని అనుకున్నాం కదా. నవ్వానని తిట్టావు, పోనీలే. పేపర్లు దిద్దే సంగతి ఎందుకు రాశావు? నాకంటే ముందు మా హెడ్మాస్టరు చదివాడు. స్టాఫ్ రూములో పైకి చదివి అందరికీ వినిపించాడు. ఆసారి పరీక్షల పేపర్లు నాకు దిద్దనివ్వలేదు."

తప్పయిందే అనాలి. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. "ఏదో సరదాకు రాసిన, గింతమాత్రానికే మనసుల పెట్టుకుంటవా," అన్నాను. ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, "బస్సొచ్చింది ఎక్కు," అంది.

తిరిగొచ్చాక ఒక నాసిరకం ఎపిసోడుకు తొమ్మిది మార్కులు వేసి పంపాను. జవాబు రాలేదు. అబద్ధపు మార్కులని ఆమెకు తెలిసే ఉంటుంది. ఆ మరుసటేడు సీరియల్ కూడా ఆగిపోయింది.

కొన్నేళ్లకు, నాకూ పెళ్లయి పిల్లలు బడికి వెళ్తున్న రోజుల్లో, టీచర్ల శిక్షణ తరగతులకు మిర్యాలగూడ వెళితే అక్కడ కనిపించింది. భోజనాలప్పుడు తనే నా దగ్గరకు వచ్చింది.

"బాగున్నారా? మీ పిల్లలు ఏం చదువుతున్నారు?" అంది.

ఒకే గదిలో ఒకే కంచంలో తిన్నవాళ్లం. నన్ను మీరంటవేందే అని చెయ్యి పట్టుకుంటే సరిపోయేది. పక్కన నలుగురు ఉన్నారని ఆగాను.

"బాగున్నమండి," అన్నాను. "మీవారు ఎట్లున్నరు?"

"బాగా నడుస్తున్నారు. చిన్న కొట్టు పెట్టుకున్నారు," అంది. ఇంతలో ఎవరో పిలిస్తే అటు వెళ్లింది. నేను టిఫిన్ డబ్బా మూత తీసి అన్నం కలుపుకున్నాను.