మూడో ఆటకు నేను లేను

ఆసియా కప్ ఫుట్‌బాల్ చూడ్డానికి దోహా వెళ్తున్నానంటే మా స్టాఫ్ రూంలో ఎవరూ నమ్మలేదు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతాను. పరీక్షల ముందు, జనవరిలో సెలవడిగితే మా డైరెక్టరు చూసే చూపు వేరు. అయినా అడిగాను. అడిగించినవాడు ప్రభుదాసు.

ప్రభు మా ఆదివారం జట్టుకు గోల్‌కీపరు. సరూర్‌నగర్ వైపు మైదానంలో పొద్దున్నే కలిసి ఆడేవాళ్ళం. నాకన్నా బాగా చిన్నవాడు. వాళ్ళది నల్గొండ దగ్గర పల్లె. తల్లీ కొడుకూ ఎల్బీనగర్‌లో కిరాయింట్లో ఉండేవారు. కొన్నేళ్ళ కిందట దోహాలో పెద్ద లాండ్రీలో పని దొరికి వెళ్ళాడు. వెళ్ళినవాడు మళ్ళీ ఇంటికి రాలేదు. మన జట్టు అక్కడ ఆడబోతోందని తెలియగానే ఫోన్ చేశాడు.

"సార్, మనోళ్ళు గీడికి ఒస్తున్రు. మీరు గూడ రావాలె. మూడు ఆటలు పక్కపక్కన కూసొని చూద్దాం. టికెట్లు నేను తీస్త."

బయల్దేరిన రోజు పొద్దున తొమ్మిదికల్లా దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగాను. విమానాశ్రయం బస్సు అక్కడే దొరుకుతుంది. పెట్టె ఉన్నవాళ్ళకు ఆ బస్సే సుఖం. బస్సెక్కేముందు ప్రభు ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ సుందరమ్మగారు కొడుక్కి ఇవ్వమని సకినాలు, చింతకాయ తొక్కు కట్టి ఉంచింది.

"టీవీల చూస్త సారూ," అంది. "ఇద్దరు పక్కపక్కన కూసోన్రి. గప్పుడైతె జల్ది గుర్తువడ్తరు."

అలాగేనమ్మా అన్నాను.

విమానం నాలుగు గంటల పైన పట్టింది. నా పక్కన కరీంనగర్ ఆయన, సెలవు ముగించుకుని పనికి తిరిగి వెళ్తున్నాడు. నేను బ్యాగులోంచి నీలం జెర్సీ తీసి చూపిస్తే నవ్వాడు. "ఫుట్‌బాలా? మనోళ్ళు ఆడ్తరా సార్?" అన్నాడు. నాకు రోషం వచ్చింది. ఈ జట్టు సంగతి, ఎదటి జట్ల సంగతి అరగంట చెప్పాను. పాపం, విన్నాడు.

దోహాలో దిగాకే వీసా ఇచ్చారు. హోటలు బుకింగ్ కాగితం దగ్గరుంచుకోవాలి. నేను దిగింది పాత బజారుకు దగ్గర్లో ఒక చిన్న హోటలు. రిసెప్షన్‌లో నేపాలీ కుర్రాడు, హిందీ మాట్లాడతాడు. కింద వీధిలో మలయాళీల టీకొట్లు, హైదరాబాదీ బిర్యానీ. తిండికి ఇబ్బంది లేదు. ప్రభు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాడు. సన్నబడ్డాడు. సకినాల పొట్లం అక్కడే విప్పి ఒకటి కొరికి, మిగతావి రూంవాళ్ళకని మళ్ళీ కట్టేశాడు.

మొదటి ఆట ఆస్ట్రేలియాతో. మెట్రో చివరి స్టేషన్‌లో దిగి నడిస్తే స్టేడియం. ప్రభుతో పాటు అతని రూంవాళ్ళు నలుగురొచ్చారు. ఒకరి డ్యూటీ ఒకరు మార్చుకుని, ఓవర్‌టైమ్ వదులుకుని వచ్చినవాళ్ళు. మా చుట్టూ ఎటు చూసినా నీలం. డప్పులు, ఈలలు. సగం ఆటయ్యేదాకా మనవాళ్ళు గోలు పడనివ్వలేదు. విరామంలో నేను ముక్కూ మొహం తెలియని మలయాళీని కౌగిలించుకున్నాను. తర్వాత రెండు పడ్డాయి. అయినా బాధ కలగలేదు. పెద్ద జట్టుతో గౌరవంగానే ఓడామనుకుంటూ పాడుకుంటూ వచ్చాం.

రెండో ఆట ఉజ్బెకిస్తాన్‌తో. ఇది గెలవకపోయినా సమం చేస్తామని స్టాఫ్ గ్రూపులో ముందే రాసేశాను. మేం సీట్లలో సర్దుకునేలోపే ఒక గోలు పడింది. సగం ఆట ముగిసేసరికి మూడు. నా ఫోను మోగుతూనే ఉంది. "మాస్టారూ, అంత దూరం దీనికేనా వెళ్ళింది?" అని ఒకరు. కెమిస్ట్రీ ఆయన నవ్వే బొమ్మలు వరసగా పెట్టాడు. రెండో సగం నేను ఆట చూడలేదు, వాటినే చూశాను. చివరికి, "వీళ్ళకు సిగ్గు లేదు, మనకూ లేదు," అని జట్టును తిడుతూ నేనే ఒకటి రాశాను. దానికి అందరూ మెచ్చుకోళ్ళు పంపారు. ఆ మెచ్చుకోళ్ళు చూసి కాస్త ఊరట చెందాను కూడా.

బయటికొస్తూ జెర్సీ మీద కోటు వేసుకుని మెడదాకా జిప్ లాక్కున్నాను. మెట్రోలో మా ఎదురుగా ఒక ఉజ్బెక్ పెద్దాయన, కుటుంబంతో. మంచి మనిషి. నన్ను చూసి, "ఇండియా?" అని అడిగాడు.

"శ్రీలంక," అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. మాట దానంతట అదే వచ్చింది. పక్కనే ప్రభు నీలం జెర్సీలో నిలబడి ఉన్నాడు. అతను నా వైపు ఒకసారి చూసి, "ఇండియా, ఇండియా," అని ఆ పెద్దాయనకు చెయ్యిచ్చాడు. ఆయన లేచి ప్రభు భుజం తట్టి, సంచిలోంచి ఎండు ఆప్రికాట్లు గుప్పెడు తీసి పెట్టాడు. ప్రభు వాటిలో సగం నా చేతిలో పోశాడు.

"శ్రీలంకకు ఎప్పుడు పోయిన్రు సార్?" అన్నాడు నవ్వుతూ. ఆప్రికాట్లు జేబులో వేసుకున్నాను. తినలేకపోయాను.

మూడో ఆట సిరియాతో. ఈ స్టేడియం ఊరికి చాలా దూరం, గుడారంలా కట్టారు. మెట్రో దిగి బస్సెక్కాలి. ఆట మధ్యాహ్నం రెండున్నరకు. ఆ పొద్దున లేవగానే నాకు వెళ్ళబుద్ధి కాలేదు. మళ్ళీ ఆ ఓటమి, మళ్ళీ ఆ ఫోను. ప్రభుకు ఫోన్ చేసి గొంతు బొంగురుగా పెట్టి, "జ్వరం వచ్చిందిరా. మీరు వెళ్ళండి," అన్నాను.

"అయ్యో, పండుకోన్రి సార్," అన్నాడు. "మీ సీటు నేనుంచుత. తక్కువైతె రాన్రి."

పడుకోలేదు. పదకొండింటికి స్నానం చేసి పాత బజారుకు వెళ్ళాను. సుగంధద్రవ్యాల కొట్లు, డేగల కొట్లు చూసి, చేపలు నంజుకుని అన్నం తిన్నాను. ఆ బజారు నిజంగా చూడదగ్గది, కానీ ఏం చూశానో వివరంగా రాయలేను. మనసు అక్కడ లేదు. మూడున్నర దాటాక టీకొట్టు ముందు నిలబడ్డాను. లోపల టీవీలో ఆట. ఇంకా ఎవరికీ గోలు లేదు. మనవాళ్ళు ప్రాణం పెట్టి ఆడుతున్నారు. ఇప్పుడు బయల్దేరినా అందుకోలేను. కాసేపటికి సిరియావాళ్ళు కొట్టేశారు. కెమెరా మన జనం మీదకి తిరిగింది. ఏడుస్తున్న ఒక మనిషి, జెండా, డప్పు. ఆ తర్వాత ప్రభు. నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. పక్క సీటు మీద తెల్ల తువ్వాలు పరిచి ఉంది.

టీ చేతిలోనే చల్లారిపోయింది.

హోటలుకొస్తే రిసెప్షన్ కుర్రాడు ఒక కవరు అందించాడు. జ్వరం మాత్రలు, నాలుగు బత్తాయిలు, సుందరమ్మగారికి ఇమ్మని చీటీ అంటించిన ఖర్జూరం డబ్బా. "మీరలా వెళ్ళగానే మీ తమ్ముడొచ్చాడు. సార్ బజారుకెళ్ళారని చెప్పాను," అన్నాడు.

ఫోన్ చెయ్యడానికి ధైర్యం చాలలేదు. అతనూ చెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే నా విమానం, అతను డ్యూటీలో ఉన్నాడు.

హైదరాబాదులో దిగి మళ్ళీ బస్సులో ఎల్బీనగర్ చేరేసరికి సాయంత్రమైంది. ఖర్జూరం డబ్బా ఎవరితోనైనా పంపుదామా అనుకున్నాను. అంతటి పిరికితనం కూడా ఎందుకని పెట్టె లాక్కుంటూ వెళ్ళాను. సుందరమ్మగారు గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"పానం ఎట్లుంది సారూ? జరం తగ్గిందా?"

నేను బిత్తరపోయాను. "మీకెవరు చెప్పారమ్మా?"

"మావోడే చెప్పిండు. టీవీల వాడొక్కడే కనవడ్డడు, పక్క కుర్సి ఖాళీగున్నది. ఏందిరా, సారేడి అని ఫోన్ చేసి అడిగిన. జరమొచ్చి రూంల పండుకున్నడమ్మా అన్నడు. రాత్రి నాకు నిద్రవట్టలే. పరాయి దేశంల నీళ్ళిచ్చే దిక్కు లేక ఎంత పరేషానైన్రో అని."

పక్కింటావిడను కేకేసి పిలిచింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కొంగు తలమీదకి లాక్కుని, నా నెత్తిన చెయ్యి పెట్టింది. ప్రార్థన మొదలుపెట్టింది.

"తండ్రీ, నా కొడుకును చూసెతందుకు సముద్రం దాటి పోయిన ఈ బిడ్డకు జరమొచ్చె. నువ్వే ముట్టినవు, నువ్వే లేపినవు. నా కొడుకుకు అన్నలెక్క నిలవడ్డడు. ఈయన ఒంట్ల ఏ రోగముండనియ్యకు దేవా..."

చెప్పేద్దామని నోరు తెరిచాను. కానీ ఆమెకు జ్వరమని చెప్పింది ప్రభు. నేను నిజం చెబితే కొడుకు అబద్ధమాడాడని తెలుస్తుంది. ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా నా తలమీదే ఉంది. చివర్న ఆమెన్ అన్నారిద్దరూ. నేనూ అన్నాను.

మెట్రో మెట్ల దగ్గరికొచ్చి ప్రభుకు ఫోన్ చేశాను. "నేను పడుకుని లేనని నీకు తెలుసు కదా. మరి అమ్మకలా ఎందుకు చెప్పావు?"

ఫోనులో యంత్రాల మోత తగ్గింది, పక్కకు వచ్చినట్టున్నాడు.

"కోపమైతె ఒచ్చింది సార్. మొదటి సగం అంత మెట్ల దిక్కే చూసిన. ఏడీ మీ సారు అని రూమోళ్ళు అడిగితె సిగ్గనిపించింది. అమ్మకు గా ముచ్చట చెప్పబుద్ధి కాలె. సీటు ఊకెనే ఖాళీగున్నదంటె మనసుల వెట్టుకుంటది. జరమంటె ప్రార్థన చేస్తది, ఆమెకొక పని దొర్కుతది."

"తప్పయింది ప్రభూ."

"ఉంట సార్. డ్యూటీ మీదున్న," అన్నాడు. సరేలెండి అని మాత్రం అనలేదు.

రైల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. పెట్టె మీది విమానం చీటీ చూసి ఒక కాలేజీ పిల్ల, "ఎక్కడి నుంచి అంకుల్?" అంది. ఆట సంగతి చెప్పాను. "ఎట్ల ఆడిన్రు మరి?" అని అడిగింది. ఇంతలో దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది, దిగిపోయాను.

దోహా వెళ్ళదలచిన వాళ్ళకు జనవరి మంచి కాలం. ఎండ ఉండదు, మెట్రో శుభ్రం, తిండికి కొదవ లేదు. మన జట్టు మూడూ ఓడింది, ఒక్క గోలైనా కొట్టలేదు. మొదటి ఆట గురించి అడిగితే గంటసేపు చెబుతాను. మూడోది ఎలా ఆడారో మాత్రం నన్నడగకండి. ఎల్బీనగర్‌లో సుందరమ్మగారిని అడగండి. ఆవిడ చివరిదాకా చూసింది.