నిక్కరుతో వచ్చిన మేనమామ

మా చిన్నప్పుడు... పెళ్ళికి వెళ్ళాలంటే ముందురోజు నుంచే మా ఇంట్లో హడావుడి. నాన్న పంచెకు అమ్మ గంజి పెట్టి, నీలిమందు వేసి, దడి మీద ఆరేసేది. ఇస్త్రీపెట్టె ఎక్కడిది మాకు... ఇత్తడి చెంబులో నిప్పులు పోసి దాంతోనే రుద్దేది. దగ్గరికి వెళ్తే "చెయ్యి కాల్తాది, అవతలికి పొండి" అని కసిరేది.

కాకినాడ పక్కన సముద్రం ఒడ్డు పేట మాది. నాన్న వేటకు వెళ్ళేవాడు. అమ్మ గంపెత్తుకుని చుట్టుపక్కల ఊళ్ళలో చేపలు అమ్మేది. అలా అమ్మ వాడుకగా వెళ్ళే ఇంటి రైతుగారు ఒకసారి వాళ్ళమ్మాయి పెళ్ళికి మమ్మల్ని కూడా పిలిచారు.

నాన్నకు మంచి బట్టలంటే ఆ పంచె, ఒక లాల్చీ... అంతే. కట్టుకుని నడిస్తే దుమ్ము పడుతుందని రెండూ సంచిలో పెట్టుకుని, పాత లుంగీతోనే కాలవ గట్టు మీద బయల్దేరాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి ఆరు. కొత్త చొక్కా నలిగిపోతుందని వాడు రెండు చేతులూ దూరంగా చాపుకుని నడుస్తుంటే మేమంతా ఒకటే నవ్వు...

ఊరు దగ్గర పడ్డాక నాన్న కాలవలో దిగాడు. సబ్బుతో ఒకసారి రుద్దుకున్నాడు, మళ్ళీ రుద్దుకున్నాడు. అమ్మ విసుక్కుంది. "ఎన్నిసార్లు రుద్దుతావయ్యా, తోలూడిపోద్ది."

"చేపల కంపు పెళ్ళి పందిట్లోకి మోసుకెళ్తామా ఏంటే? ఆళ్ళు నెల్రోజుల్నుంచి కష్టపడతన్నారు. మనం ఓ పూట ఒళ్ళు రుద్దుకోలేమా?" అన్నాడు నాన్న.

గట్టు మీదే పంచె కట్టుకుని, తల దువ్వుకుని పందిట్లోకి నడిచాడు. ఎప్పుడు కనబడినా "ఒరేయ్ సూరీ" అని పిలిచే ఆ రైతుగారు ఎదురొచ్చి "రండి సూరిబాబు గారూ, రండి" అన్నారు. మా నాన్న పేరు వెనక 'గారు' వినడం నాకు అదే మొదలు. నాన్న "ఆయ్... ఆయ్..." అంటూ నిలబడిపోయాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే... ఈమధ్య పెళ్ళిళ్ళకు వెళ్తుంటే ఒళ్ళు మండిపోతోంది. ఫంక్షన్ హాలు గుమ్మంలో నిలబడి చూడండి. మోకాళ్ళ దగ్గర చిరిగిన జీన్స్, నిద్ర లేచినప్పటి టీషర్టు, బాత్రూము చెప్పులు. అక్షింతలు వేయడానికి వచ్చారో, పాలపాకెట్టు కోసం వచ్చారో తెలియదు. లేనివాళ్ళా అంటే కాదు... కారు దిగి వస్తున్నారు. అదే ఆఫీసులో మీటింగు ఉందంటే ఇస్త్రీ చొక్కా, బూట్లు, సెంటు...

బయటివాళ్ళ సంగతి సరే. పోయిన వేసవిలో మా అమ్మాయి పెళ్ళి అయింది. పగటి ముహూర్తం. పెళ్ళికూతుర్ని బుట్టలో తీసుకురావాల్సింది మేనమామ, అంటే నా తమ్ముడు. ఎంతో ముచ్చటపడి వాడికి నేనే పట్టుపంచె, కండువా కొని పంపాను. తీరా వాడు వచ్చాడు... మోకాళ్ళ దాకా నిక్కరు, మీద రంగు వెలిసిన టీషర్టు.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"ఎండలు మండిపోతన్నాయక్కా. ఈ ఉక్కలో పంచె ఎవడు కడతాడు? రెండు నిమిషాల పనేగా!"

"నేను పంపిన బట్టలేవి?"

"కార్లో ఉన్నాయిలే. జనం చూసేది పెళ్ళికూతుర్ని, నన్నా?"

ఎంత చెప్పినా నవ్వేసి ఫోను చూసుకుంటాడే గానీ కదలడు. పోనీ ఎవరిదైనా ప్యాంటు ఇస్తాను, అదైనా వేసుకోమన్నాను. వినలేదు. అవతల పంతులుగారు మైకులో పిలుస్తున్నారు... "మేనమామగారూ, అమ్మాయిని తీసుకురండి, టైమైపోతోందండి!" బుట్టలో కూర్చున్న నా కూతురు మామయ్య వైపు, నా వైపు మార్చి మార్చి చూస్తోంది.

"మామయ్యా, కట్టుకుని రా... ఐదు నిమిషాలు ఆగమని నేను చెబుతాను" అంది అది. చిన్నప్పటి నుంచీ మామయ్యంటే దానికి ప్రాణం.

"బాగుంది! తల్లీకూతుళ్ళకి నా మీదకంటే నా బట్టల మీదే ధ్యాస" అన్నాడు వాడు.

ఇక నాకు కోపం ఆగలేదు. "అయితే నువ్వు బుట్ట ముట్టుకోకు" అన్నాను. అందరూ వింటుండగానే అన్నాను. మా చిన్నాన్న కొడుకు పంచెతో అక్కడే ఉన్నాడు. వాణ్ణి పిలిచి బుట్ట ఎత్తమన్నాను. తమ్ముడు భోజనం కూడా చేయకుండా కారెక్కి వెళ్ళిపోయాడు.

ఏడాది కావస్తోంది. వాడు ఫోను చేయలేదు, నేను చేస్తే ఎత్తలేదు. పెళ్ళి ఆల్బమ్‌లో వాడు ఒక్క ఫొటోలోనూ లేడు. చుట్టాలు నన్నే తప్పుపడుతున్నారు... "నిక్కరు కోసం తమ్ముణ్ణి దూరం చేసుకుంటావా?" అంటున్నారు. మా అమ్మాయి ఆల్బమ్ చూస్తూ ఉంటుంది. బుట్ట ఎత్తిన ఫొటో వచ్చినప్పుడు మాత్రం గబుక్కున పేజీ తిప్పేస్తుంది. అయినా... నాది తప్పని ఇప్పటికీ అనిపించడం లేదు.

ఇప్పుడు పెళ్ళికి పిలిస్తే లొకేషన్ పంపమంటున్నారు, మెనూ ఏంటని అడుగుతున్నారు. ఏం కట్టుకుందాం అని నాలుగు రోజుల ముందు నుంచీ ఇల్లంతా తర్జనభర్జన పడే రోజులు ఎటు పోయాయో... మీ ఇళ్ళలో పెళ్ళి ప్రయాణాలు ఎలా ఉండేవి? కింద రాయండి, ఒక్కొక్కటీ కూర్చుని చదువుకుంటాను.

తమ్ముడూ, ఈ పోస్టు నీ కంట పడుతుందని తెలుసు. మా ఇంటికి నువ్వు ఏం వేసుకుని వచ్చినా నేనేమీ అననురా... పెళ్ళికి మాత్రం అంటాను.