పదిహేడు సార్లు రిటైరైన ఫాస్ట్ బౌలర్

మా జట్టు ఫాస్ట్ బౌలర్‌కి ఒకటే జబ్బు, రిటైరవడం. పదకొండేళ్లు దేశానికి ఆడి పదిహేడు సార్లు రిటైరయ్యాడు. అన్నేళ్లూ వికెట్ల వెనక నిలబడి అతని బంతులు పట్టిన కీపర్ని నేనే. అతని దెబ్బకి వంకర పోయిన ఈ వేళ్ల మీదే లెక్కపెట్టాను. మేమంతా అతన్ని ‘రాజీనామా అన్న’ అనేవాళ్లం.

మొదటిసారి అందరం నమ్మాం. కోచ్ కళ్లు తుడుచుకున్నాడు. అందరం కలిసి గోడ గడియారం ఒకటి కొనిచ్చాం. వారం తిరక్కుండా నెట్స్‌లో ప్రత్యక్షమయ్యాడు.

“ఏంటన్నా, రిటైరయ్యావుగా?”

“అయ్యానురా. ఇంట్లో కూర్చుంటే మీ గడియారం టిక్కుటిక్కుమని నా బుర్ర తినేస్తోంది. మీరే ఇచ్చారు, మీరే భరించండి.”

ఐదోసారికి కోచ్ తలెత్తనైనా లేదు. “సరే, మంగళవారం ప్రాక్టీసు ఏడింటికి” అన్నాడు. వదినైతే రేడియోలో విని ఫోన్ చేసేది. “రిటైరయ్యారట! మరి ఎల్లుండి మ్యాచ్‌కి ప్యాంటు ఉతకనా, వద్దా?”

“ఉతికి పెట్టు. ఎందుకైనా మంచిది.”

పదహారోసారి మాత్రం నేను నవ్వలేకపోయాను. అది ఫైనల్. ప్రత్యర్థికి రెండు పరుగులు కావాలి, మాకు ఒక్క వికెట్. అన్న వేసిన బంతి బ్యాట్ అంచు తాకి, నిద్రపోయే పసిపాపలా నా చేతుల్లోకి వచ్చింది. జారవిడిచాను. అది బౌండరీ దాకా దొర్లింది. ఓడిపోయాం.

ప్యాడ్లు కూడా విప్పకుండా బాత్రూమ్‌లో దూరి గడియ పెట్టుకున్నాను. బయట విలేకరుల గోల. “కీపరెక్కడ? ఆ క్యాచ్ గురించి ఏమంటాడు?”

అంతలో అన్న గొంతు వినిపించింది. “కీపర్‌దేముంది, ఎక్కడికి పోతాడు? ముందిది రాసుకోండి. నేను రిటైరవుతున్నాను. ఈసారి శాశ్వతంగా!”

చిన్నప్పుడు వేసిన మొదటి బంతితో మొదలుపెట్టి నలభై నిమిషాలు వాయించాడు. మర్నాడు పేపర్ల నిండా అతని ఫొటోలే. నా క్యాచ్ ఎక్కడో అడుగున ఒక్క వాక్యం.

నాకు అనుమానమొచ్చి పాత పేపర్లు తిరగేశాను. అన్న ఐదోసారి రిటైరైంది మా కెప్టెన్ సున్నాకి ఔటైన రోజు. తొమ్మిదోసారి, మా స్పిన్నర్ వరసగా ఆరు వైడ్లు వేసిన రోజు. వెళ్లి నిలదీశాను.

“పిచ్చా నీకు? నాకు మోకాలు నొప్పిరా!” అంటూ కుడి మోకాలు పట్టుకున్నాడు. కిందటి నెల నొప్పి ఎడమదానికి.

పదిహేడోసారి మేం గెలిచాం. అందరం ఇరగదీశాం. అన్న విలేకరుల ముందు కూర్చుని, “రిటైరవుతున్నాను” అన్నాడు. ఒక్క పెన్నూ కదల్లేదు. ముందు వరసలో ఉన్న నెరిసిన జుట్టు విలేకరి మెల్లిగా లేచాడు.

“ఇవాళ అందరూ బాగానే ఆడారు కదండీ. ఎవరి కోసం?”

అంటే ఇన్నేళ్లూ వాళ్లకీ తెలుసన్నమాట!

అన్న చెవి గోక్కున్నాడు. “ఇవాళ... నా కోసమేనండి.”

పెన్నులన్నీ ఒక్కసారి లేచాయి. అన్న మొదలుపెట్టాడు. కెప్టెన్ ధైర్యం, స్పిన్నర్ వేళ్లు, నా చేతులు, కోచ్ ఓపిక... గంటసేపు మా గొప్పలే. చివరికి ఆ పెద్దాయనే బతిమాలాడు.

“మీ గురించి కూడా ఓ ముక్క చెప్పండి సార్, పేజీ ఖాళీగా ఉంది!”