పొద్దుటి కన్ను

క్రిందటి గురువారం మధ్యాహ్నం, భోజనాలవేళ మా ఆడపడుచు పోయింది. మెట్టుగూడలో మా వీధివాళ్ళకి టీచరమ్మ, మా మనవరాలికి టీచర్ మామ్మ. గుండెజబ్బు ఏడాదిగా ఉంది కనుక చావు హఠాత్తుగా వచ్చిందని అనను. ఆ తరవాత మా ఇంట్లో జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు రాయాలి. దాచడం ఆమెకి నచ్చదు.

బడిలో సైన్సు చెప్పి రిటైరైంది. పెళ్ళి వద్దనుకుంది. విజయనగరం నుంచి మాతోపాటే వచ్చి, మా ఆయన పోయాక కూడా నాతోనే ఉండిపోయింది. ఆదివారాలు మా వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టి అద్దాలు, అయస్కాంతాలు, మొలకెత్తిన గింజలు చేతికిచ్చేది. చెప్పులు వరసలో విడవకపోతే నేను లోపలికి రానిచ్చేదాన్ని కాదు. చేతులు కడుక్కోకపోతే తను రానిచ్చేది కాదు. ఏడాదికొకసారి మేక కన్ను కోయించేది. దానికి వేరే ఎనామిల్ పళ్ళెం. అది నా వంటింటి గడప ఎన్నడూ దాటలేదు.

కళ్ళు తేవడానికి రెజిమెంటల్ బజార్‌లో మాంసం కొట్టుకి తనే వెళ్ళేది. ఒకసారి కూరలకని నేనూ వెంట వెళ్ళి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డాను.

"నిన్నటివి వద్దయ్యా, పొద్దుటివి ఇవ్వు. ఆలస్యమైతే పైపొర మసకబారుతుంది."

"కన్ను సుత తాజాది గావాల్నా టీచరమ్మా? కూర జేస్తరా ఏందీ?"

"కూరైతే నిన్నటిదైనా సరిపెట్టుకుందును. పాఠానికి కుదరదు."

కొట్టతను నవ్వుకుంటూ పొట్లం కట్టాడు. ఇంటిదాకా నేను ఆమెకి నాలుగడుగులు ఎడంగా నడిచాను.

ఆమె పద్ధతి ఒకటే. "ముందు చెప్పు, తరవాత కొయ్యి." లోపల ఏముంటుందో ప్రతి పిల్లా, పిల్లవాడూ చెప్పాకే బ్లేడు చేతికిచ్చేది. నీళ్ళుంటాయని మా మనవరాలు అంది. మేక చివరిసారి చూసిన బొమ్మ ఉంటుందని ఒక పిల్లవాడు అంటే అందరూ పకపకా నవ్వారు. ఆమె నవ్వలేదు. "అయితే వెతుకు," అంది. వాడు వెతికి వెతికి, బొమ్మ దొరక్క, కంటి వెనకగోడకి అంటుకుని నెమలికంఠం రంగులో మెరిసే పొరని పట్టుకున్నాడు. "తప్పు చెప్పినవాడే ఎక్కువ వెతుకుతాడు వదినా," అంది నాతో. గాజుపూసలాంటి కటకాన్ని వార్తాపత్రిక మీద పెడితే కింది అక్షరాలు లావయ్యాయి. పిల్లలు పేపరు చుట్టూ తలలు ఆనించి చదివారు.

ఈ మధ్య వరండా పలచబడింది. వీధి మొదట్లో కంప్యూటర్ సెంటరు వచ్చింది, ఎంట్రెన్సు కోచింగులు ఆదివారాల్ని మింగేశాయి. "మేక కన్ను కోస్తే ఉద్యోగమొస్తుందా టీచరమ్మా?" అని ఒక తల్లి అడిగేసింది. "కన్ను బావుంటేనే కదమ్మా కంప్యూటరైనా కనిపించేది," అని, మిగిలిన ముగ్గురు పిల్లలకీ ఎప్పటిలాగే పాఠం చెప్పింది.

తను పోయాక కళ్ళు ఇచ్చెయ్యమని అందరి ముందూ చెప్పింది. "వచ్చే జన్మలో గుడ్డిదానివై పుడతావక్కా," అన్నాడు మా మరిది. "నా కళ్ళు పెట్టుకున్నవాళ్ళు చెయ్యిపట్టి రోడ్డు దాటిస్తార్లేరా," అంది.

ఆ గురువారం నేత్రనిధికి చేద్దామని నేను ఫోను తీశాను. మరిది దానిమీద చెయ్యి పెట్టాడు.

"ఆగండి వదినా. పెద్దన్నయ్య రానిదే అక్కని ఎవరూ ముట్టుకోకూడదు."

మా ఇళ్ళలో అదే ఆనవాయితీ. ఇంటికి పెద్దవాడు వచ్చి తలూపితేగాని ఏదీ కదలదు. మా బావగారు విజయనగరంలో రైలెక్కారు. దిగేది మర్నాడు పొద్దున.

"చిన్న తాతయ్యా, రేపటికి మసకబారిపోతాయి!" అంది మనవరాలు.

"నోరు ముయ్యి. మేక కన్నూ మనిషి కన్నూ ఒకటేనా?"

"ఒకటే."

మనవరాలు వెళ్ళి, గాలికి కళ్ళు ఆరిపోకుండా ఫ్యాను ఆపేసి, తడిదూది తెచ్చి, మూసిన రెప్పలమీద పెట్టింది. ఆ ఉక్కలో చుట్టాలు విసుక్కున్నా ఫ్యాను వెయ్యనివ్వలేదు. దూది ఆరినప్పుడల్లా మళ్ళీ తడిపింది. నేను రెండుసార్లు ఫోను దగ్గరికి వెళ్ళాను. రెండుసార్లూ మరిది ఏడుస్తూ అడ్డం నిలబడ్డాడు. అక్కమీద ప్రేమ లేక కాదు.

పొద్దున బావగారు చెప్పులైనా విడవకముందే అడిగారు, "కళ్ళకి వచ్చి వెళ్ళారా?"

"మీకోసమే ఆగాం అన్నయ్యా."

"దాని కళ్ళకి నా సెలవెందుకురా? అది చెప్పింది కదా!"

మరిది ఫోను దగ్గర్నుంచి పక్కకి తప్పుకున్నాడు. అప్పుడు ఫోను నేనే చేశాను. నేత్రనిధి నుంచి వచ్చిన కుర్రవాడు టార్చి వేసి చూసి, నెమ్మదిగా రెప్పలు మూశాడు. "ఆలస్యమైందండీ. ఇంకొకరికి పెట్టడానికి పనికిరావు. మీరు ఒప్పుకుంటే, ఆపరేషన్ నేర్చుకునే డాక్టర్లకి ఇస్తాం." బావగారు తలూపారు. మరిది వరండా మెట్టుమీద, పిల్లలు చెప్పులు విడిచేచోట కూలబడ్డాడు.

ఎవరో ఒకరికి చూపు రావాలని ఆమె అడిగింది. అది దక్కలేదు. ఇప్పుడు ఎక్కడో ఒక గదిలో, పళ్ళెంలో ఉన్న ఆ మసకపొర మీద చదువుకునే పిల్ల ఎవరో మొదటిసారి కత్తి ఆనిస్తుంది. లోపల ఏముంటుందో ముందు చెప్పమని ఆ పిల్లని అడిగేవాళ్ళు ఆ గదిలో ఉన్నారో, లేదో.